ఆర్డర్ తయారయ్యేలోపు

పొద్దుగూకినంక రాంనగర్ గుండు కాడ
నా కర్రీ పాయింట్ ముంగట
ఏడెనిమిది బండ్లు అడ్డదిడ్డంగ ఆగుతయి.
పోరగాండ్లు హెల్మెట్లు తియ్యరు, తలకాయలు వంచుతరు,
బొటనవేళ్లు మాత్రం ఉరుకుతుంటయి.
పప్పుచారు కట్టేదాంక ఒక యుద్ధం,
గోంగూర మటన్ అంటే రెండు.

"చెడిపోయిండ్రు" అంటడు బాలనర్సయ్య సారు
రోజూ అదే ప్లాస్టిక్ కుర్చీల కూసొని.
రెండు పుల్కలు, పావు ఆలుగడ్డ కూర.
ఆజామాబాద్ల మూతబడ్డ ఫ్యాక్టరీకి
పందొమ్మిదేండ్లు యూనియన్ సెక్రటరీ.
ఇప్పటికీ చెయ్యెత్తి మాట్లాడితే
ఫ్యాను రెక్కకు తగుల్తదేమోనని నా భయం.

నన్నెవరు అడిగిండ్రు గని, నేనేమంటనంటే
ప్రతి తరానికి ముందటి తరం ఇచ్చే
మొదటి సర్టిఫికెట్ ఇదే.
మా నాయనను రేడియో చెడగొట్టింది,
నన్ను వీడియో క్యాసెట్.
సారును, ఆయన పెండ్లామే చెప్పింది ఒకనాడు,
మూడుముక్కలాట. అదీ యూనియన్ ఆఫీసుల్నే.

నాకూ ఉన్నది ఒక ఆట.
మధ్యాహ్నం కుక్కర్ విజిల్ల నడుమ
రంగుగోళీలు మూడేసి కలిపి పేలుస్త.
రెండువేల పన్నెండో లెవల్ల ఉన్న.
నన్నెవరూ గేమర్ అనరు.
"మమ్మీ టైంపాస్" అంటది నా బిడ్డ శ్రేష్ఠ.
పదిహేడేండ్లది, ఇంకా ఓటు లేదు,
ఇంట్ల ప్రతి ఎలక్షన్ అదే గెలుస్తది.

నిన్న వాన. రోడ్డంత మోరీ. ఆర్డర్లు ఆగినయి.
సారు ముదస్సిర్ ఫోన్లకు తొంగిచూసిండు.
"ఏందిరా గిది, ఎట్లాడుతరు?"
"వందమంది దూకుతరు చాచా, ఒక దీవి మీద.
ఒకల్నొకలు కాల్చుకోవాలె.
చుట్టూ గీత దగ్గరకొస్తుంటది, బయటుంటే ఖతం.
ఆఖరికి ఒక్కడే మిగులుతడు."
"గీత ఎవడు గీస్తడు?"
"గేమే గీస్తది."
"వాణ్ని కాల్వొచ్చునా?"
"నక్కో చాచా, ఆప్షనే లేదు."

సారు అంగి కొసతోని కండ్లద్దాలు తుడిచిండు.
"వందమంది. ఒక్క దీవి. అందరి చేతుల తుపాకులు.
మరి కూసొని మాట్లాడుకోరేందిరా?"

అందరం పకపక నవ్వినం,
నేను గూడ, గంటె చేతులుండంగనే.
వాన ఆగలే.

అప్పుడు ముదస్సిర్ ఇంకో తెర తీసిండు, పని యాప్.
పచ్చగీత మీద ఉరికే చిన్న బండి బొమ్మ.
ఇరవైరెండు కొడితే బోనస్.
ఇరవైయొకటి కాంగనే
ఆర్డర్లు ఎందుకో రావు.
చుక్కలు తగ్గితే దూరం పడేస్తది,
ఫోన్ చేస్తే మనిషి ఎత్తడు.
"ఇదీ గేమే చాచా. దీంట్ల పెట్రోలు నాది."

సారు చానాసేపు ఏమనలే.
ఆ చెయ్యి లేవకపోవుడు నేను మొదటిసారి చూసిన.
"మాకు గేటుండె" అన్నడు తర్వాత,
"ముంగట కూసుంటే లోపలోనికి కనవడుతుండె.
మీకు గేటేది?"

వంశీధర్ అని ఒకడు, ఎన్నడూ నోరిప్పనోడు,
నా దుకాణం మెట్లు చూపిచ్చిండు.
"రోజూ అందరం ఈడనే కదా."

నాకు బుగులైంది, అబద్ధమెందుకు.
నా మెట్లు, నా లైసెన్సు, నా గ్యాసు బండ.
మసాల డబ్బ మూత తీసిన, పెట్టిన, మళ్ల తీసిన.

వాన సన్నవడ్డది. ఫోన్లన్నీ ఒక్కపారి మోగినయి.
బండ్లు నీళ్లు చిమ్ముకుంట పోయినయి.
సారు మాత్రం లేవలే.
"బిడ్డా, ఆ దీవి ఆట నా ఫోన్ల ఎక్కియ్యరాదు" అన్నడు శ్రేష్ఠతోని.
"కాల్చనీకి కాదు.
దూకినంక ఎవలతోనన్న మాట్లాడొస్తదా సూద్దామని."

రాత్రి మూడుసార్లు దూకిండట.
మూడుసార్లూ తుపాకి కింద పారేసి
నడి మైదానంల నిలబడ్డడట.
మూడోసారి ఎవడో పోరడు
కాల్చేముందు రెండు సెకండ్లు ఆగిండట.

గా రెండు సెకండ్ల ముచ్చట
ఇయ్యాల నాకే నాలుగుసార్లు చెప్పిండు.
పుల్కలు చల్లారుతున్నయి సారూ అంటే
ఇనడు.